సీడరా, సైప్రసా, థూజానా, జునిపరా? పెరట్లో చెట్టు పేరు తేల్చుకోవడం ఎలా

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవుతుంది. సియాటెల్ దగ్గర పాత ఇల్లు కొన్నారు. పెరట్లో ఒక పెద్ద చెట్టు, కంచె వెంట వరసగా పదిహేను చెట్లు, మెట్ల పక్కన నేలబారుగా పాకిన పొద ఉన్నాయి. కొనేముందు ఇల్లు పరీక్షించిన ఇన్‌స్పెక్టర్ అన్నిటినీ 'సీడర్' అన్నాడు, నర్సరీలో 'సైప్రస్' అన్నారు, ఫోన్‌లోని యాప్ ఒకసారి థూజా అంది, ఇంకోసారి జునిపర్ అంది. రాజమండ్రిలో అమ్మగారింట్లో ఉన్న మోర్‌పంఖి కూడా ఇదేనా అని అడిగారు. పెద్ద చెట్టు అక్టోబరులో లోపల్లోపల ఎర్రబడుతోందట, కొట్టించేయాలా అని టెన్షన్ పడుతున్నారు.

సూటిగా జవాబు: కొట్టించకండి. మీరు రాసిన గుర్తులను బట్టి పెద్దది వెస్టర్న్ రెడ్ సీడర్, అంటే థూజా ప్లికాటా. కంచె వెంట ఉన్నవి లేలాండ్ సైప్రస్. నీలం కాయలున్న పొద జునిపర్. మోర్‌పంఖి ఈ మూడింటిలో ఏదీ కాదు, కానీ వీటికి దగ్గరి చుట్టమే. నాలుగూ ఒకే కుటుంబం, కుప్రెసేసీ, అంటే సైప్రస్ కుటుంబం. కాబట్టి యాప్ తడబడిందంటే ఆశ్చర్యం లేదు. అది ఆకును చూస్తుంది. ఈ కుటుంబంలో ఆకు ఒక్కటే చూసి పేరు పెడితే నూటికి సగం తప్పుతాం.

నేను కాకినాడలో కొన్నాళ్లు డిగ్రీ పిల్లలకి బోటనీ చెప్పాను. అమెరికా వచ్చాక పందొమ్మిదేళ్లుగా నర్సరీ పనీ, చెట్ల సర్వే పనీ చేస్తున్నాను. రోజూ చేసే పద్ధతినే చెబుతాను.

మొదట కాయ వెతకండి. శాస్త్రం ప్రకారం ఇవి వివృతబీజాలు, అంటే గింజలు పండులో దాగకుండా బయటికే ఉండేవి, వీటికి అసలు కాయ ఉండదు, ఉండేది కోన్. మాట తేలిక కోసం కాయ అనే అంటాను. చెట్టు మీద అందకపోతే కింద రాలినవి ఏరండి, నాలుగైదు ఏరండి. ఒక్కటే దొరికితే అది పక్కింటి చెట్టుది కావచ్చు.

ఇది రాస్తుంటే నా బల్ల మీద థూజా ప్లికాటా కాయ ఒకటి ఉంది. పొడవు పన్నెండు మిల్లీమీటర్లు, చిటికెన వేలి గోరంత. ఎండి విచ్చుకుని, చెక్కతో చెక్కిన గులాబీ మొగ్గలా ఉంది. పలచటి పొలుసులు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, మొత్తం పది. మధ్య జతల్లోనే గింజలుంటాయి, గింజకి రెండు పక్కలా సన్నటి రెక్క ఉంటుంది. 'చెట్టు నిండా చిన్న చిన్న మొగ్గల్లాంటివి ఎండిపోయి ఉన్నాయి' అని మీరు రాసిన మాటతోనే నాకు సగం తెలిసిపోయింది.

ఇక సైప్రస్ కాయ గుండ్రంగా ఉంటుంది. పొలుసులు ఒకదాని మీద ఒకటి పడవు, అంచుకి అంచు ఆనుకుని ఫుట్‌బాల్ మీది ముక్కల్లా కలుసుకుంటాయి. ఒక్కో పొలుసు చిన్న డాలులా ఉండి, నడిమధ్యన వెనక నుంచి కాడ పట్టుకుని ఉంటుంది. అసలు సైప్రస్‌లలో కాయ గోళీ నుంచి పెద్ద ఉసిరికాయ దాకా ఉంటుంది, పండటానికి మామూలుగా రెండేళ్లు తీసుకుంటుంది. కామేసైపారిస్ అనే ఇంకో ప్రజాతి (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) ఉంది, నర్సరీల్లో ఫాల్స్ సైప్రస్ అంటారు. దాని కాయ కూడా గుండ్రమే, కానీ బఠానీ గింజంత, ఒక్క ఏడాదిలోనే పండుతుంది. కాయలు దొరికితే థూజానా, కామేసైపారిసా అనే గొడవ అర నిమిషంలో తేలిపోతుంది. ఆకు చూస్తూ కూర్చుంటే అరగంటైనా తేలదు.

జునిపర్‌ది పూర్తిగా వేరే దారి. పొలుసులు కండపట్టి కలిసిపోతాయి, పైకి నేరేడు పండుకి తమ్ముడిలా కనిపిస్తుంది. మీద బూడిద పూసినట్టు తెల్లటి మైనం ఉంటుంది, వేలితో రుద్దితే కింద ముదురు నీలం బయటపడుతుంది. గింజకి రెక్క ఉండదు, పిట్టలు తిని మోసుకెళ్తాయి కాబట్టి రెక్కతో పని లేదు. చాలా జునిపర్లలో ఆడచెట్టు, మగచెట్టు వేరు. కాయలు లేవని జునిపర్ కాదనుకోవద్దు, అది మగది కావచ్చు.

మీ చుట్టుపక్కల ఇంకొకటి కనిపించవచ్చు, ఇన్సెన్స్ సీడర్, కాలోసీడ్రస్. దాని కాయ ఎండితే నోరు తెరిచిన బాతు ముక్కులా ఉంటుంది. ఒకసారి చూసినవాళ్లు మర్చిపోలేరు. పెన్సిళ్లు చేసే చెక్క కూడా అదే, కొమ్మ విరిస్తే చిన్నప్పటి షార్ప్‌నర్ పొట్టు వాసన గుర్తొస్తుంది.

కాయ దొరక్కపోతే ఆకు అడుగు భాగం చూడండి. పదిరెట్లు పెద్దది చేసి చూపే లెన్స్ ఒకటి కొనుక్కోండి. కొమ్మ చివర నిటారుగా పెరిగే చిగురు తీసుకోవద్దు, దాని ఆకులు సాగి ఉంటాయి, మోసం చేస్తాయి. పక్కకు పరుచుకున్న చిన్న రెమ్మ తీసుకుని తిరగేయండి. తడిగా ఉంటే ఆరనివ్వండి, తడి మీద తెల్లటి మైనం గుర్తులు కనిపించవు. ఆ గుర్తులే ఇక్కడ మనకి అక్షరాలు. మా ప్రాంతంలో నేను వాడే గుర్తులు ఇవి:

వెస్టర్న్ రెడ్ సీడర్‌కి అడుగున మసకగా సీతాకోకచిలుక రెక్కల్లాంటి మచ్చలుంటాయి. పోర్ట్ ఆర్‌ఫర్డ్ సీడర్‌కి, అంటే కామేసైపారిస్ లాసోనియానాకి, సన్నటి తెల్ల గీతలు ఇంగ్లీషు ఎక్స్ అక్షరంలా కలుస్తాయి. జపాన్ హినోకికి వై అక్షరం, ఆకు కొస మొద్దుగా ఉంటుంది. ఇన్సెన్స్ సీడర్‌కి తెల్ల గుర్తు వెతకక్కర్లేదు, నాలుగేసి ఆకులు కలిసి పొడవాటి కాడ ఉన్న గ్లాసు ఆకారంలో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. నూట్కా సైప్రస్‌కి, అంటే ఇక్కడివాళ్లు అలాస్కా ఎల్లో సీడర్ అనేదానికి, తెల్ల గుర్తే ఉండదు. రెండు వైపులా ఒకే ఆకుపచ్చ, రెమ్మలు వడలిపోయినట్టు కిందికి వేలాడుతుంటాయి. దాన్ని చేత్తో కొస నుంచి మొదలు వైపు, అంటే ఎదురు నిమిరి చూడండి, గరగర గుచ్చుకుంటుంది. రెడ్ సీడర్‌ని అలాగే నిమిరితే నున్నగా పోతుంది. చీకట్లో కూడా ఈ రెంటినీ చేత్తో చెప్పేయవచ్చు.

మీ కంచె చెట్లకి రెండు వైపులా ఒకే రంగు, తెల్ల గుర్తు లేదు, రెమ్మలు వేలాడటం లేదు, కాయలు దాదాపు లేవు, ఏడాదికి మూడడుగులు పెరుగుతున్నాయి అన్నారు. ఇవన్నీ కలిపితే లేలాండ్ అనే అంటాను. ఒక్క కాయ దొరికితే ఆ మిగిలిన అనుమానం కూడా తీరుతుంది.

వాసన కూడా పనికొస్తుంది, కానీ దాన్ని సాక్షిగానే తీసుకోండి, తీర్పుగా కాదు. రెడ్ సీడర్ ఆకు నలిపితే పైనాపిల్ వాసన, మీరూ అదే రాశారు. పోర్ట్ ఆర్‌ఫర్డ్ చెక్కలో అల్లం ఘాటు ఉంటుంది. హైదరాబాద్‌లో కుండీల్లో గోల్డెన్ సైప్రస్ అని అమ్మే పసుపుపచ్చ మొక్క నిమ్మకాయ వాసన వేస్తుంది. వాసన మనిషి మనిషికీ మారుతుంది, జలుబు చేసిన రోజున అసలు పనికిరాదు.

లేత ఆకు, ముదురు ఆకు ఒకేలా ఉండవు. ఈ కుటుంబాన్ని గుర్తుపట్టడంలో అందరూ బోర్లాపడేది ఇక్కడే. మొలకెత్తిన కొత్తలో వీటన్నిటికీ ఆకులు సూదుల్లా ఉంటాయి. తర్వాత చాలావాటికి కొమ్మకి అతుక్కుపోయిన పొలుసు ఆకులు వస్తాయి. జునిపర్లలో ఒకే చెట్టు మీద రెండూ ఉండవచ్చు, కత్తిరించిన చోట మళ్లీ సూదులు పుడతాయి. కొన్ని తోటరకాల్ని ఎప్పటికీ లేత ఆకుతోనే ఉండేలా ఎంచి పెంచారు. పందొమ్మిదో శతాబ్దంలో అలాంటివాటిని వేరే ప్రజాతి అనుకుని రెటినిస్పోరా అని పేరు పెట్టి అమ్మారు. ఇక్కడ పనిలో చేరిన రెండో ఏడు నేనూ ఆ పొరపాటే చేశాను. ఒక తోట సర్వేలో మెత్తటి నీలి సూదులున్న ఆరు పొదల్ని జునిపర్ అని రాసిచ్చాను. మర్నాడు మా పెద్దాయన ఒక పొద లోపలికి చెయ్యిపెట్టి, పాత కొమ్మ మీదున్న బఠానీగింజంత కాయ ఒకటి తీసి నా అరచేతిలో పెట్టారు. అది సవారా సైప్రస్‌లో బులవార్డ్ అనే తోటరకం. ఆ రిపోర్టు ఆసాంతం మళ్లీ రాశాను. అప్పట్నుంచి కాయ కోసం వెతకకుండా ఏ పేరూ రాయలేదు.

ఇప్పుడు 'సీడర్' మాట. అసలు సీడర్ అంటే సీడ్రస్ ప్రజాతి, లెబనాన్ సీడర్, మన హిమాలయాల దేవదారు. అవి పైన్ కుటుంబం. సూదులు పొట్టి కణుపుల మీద గుత్తులుగా వస్తాయి, గుడ్డంత పెద్ద కాయ చెట్టు మీదే విడిపోయి రాలుతుంది. అమెరికా వచ్చిన యూరప్ వాళ్లకి ఇక్కడి చెక్క వాసన ఆ సీడర్‌ని గుర్తుచేసింది, అందుకని థూజాని, జునిపర్‌ని, కాలోసీడ్రస్‌ని, అన్నిటినీ సీడర్ అన్నారు. టెక్సస్‌లో ఉన్న మనవాళ్లు డిసెంబరు, జనవరి నెలల్లో తుమ్ముతూ తిట్టుకునే సీడర్ ఫీవర్ కూడా ఒక జునిపర్ పుప్పొడి వల్లే. కాబట్టి మీ ఇన్‌స్పెక్టర్ అబద్ధం చెప్పలేదు. ఆయన చెప్పింది చెక్క పేరు, చెట్టు పేరు కాదు.

వర్గీకరణ గురించి కూడా అడిగారు కాబట్టి నాలుగు మాటలు. నేను చదువుకునే రోజుల్లో పుస్తకాల్లో టాక్సోడియేసీ అని వేరే కుటుంబం ఉండేది. రెడ్‌వుడ్, జెయింట్ సెకోయా, జపాన్ క్రిప్టోమేరియా అందులో ఉండేవి. వాటి ఆకులు కొమ్మ చుట్టూ మెలికగా వస్తాయి, సైప్రస్‌ల ఆకులేమో ఎదురెదురు జతలుగానో, మూడేసిగానో వస్తాయి. ఆ తేడా చాలనుకున్నారు. డీఎన్‌ఏ పోల్చి చూస్తే ఆ గోడ నిలబడలేదు, రెంటినీ కుప్రెసేసీలో కలిపేశారు. జపాన్ అంబ్రెల్లా పైన్‌ని మాత్రం బయటపెట్టి దానికి సొంత కుటుంబం ఇచ్చారు. ఇప్పుడు ఈ కుటుంబంలో సుమారు 30 ప్రజాతులు, 130కి పైగా జాతులు. 115 మీటర్లు దాటిన రెడ్‌వుడ్ ఇందులోదే, మీ మెట్ల పక్కన మోకాలెత్తు లేని పొద కూడా ఇందులోదే. వీటిలో చాలావాటిని కలిపే గుర్తులు: బెరడు నారలు నారలుగా నిలువునా ఊడటం, కొమ్మ చివర పొలుసులు కప్పిన మొగ్గ లేకపోవడం, ఆకులు విడివిడిగా కాకుండా చిన్న రెమ్మలతో సహా రాలడం.

ఆ చివరి గుర్తే మీ పెద్ద చెట్టు కథ. రెడ్ సీడర్ ప్రతి ఏడాదీ ఎండాకాలం చివర, శరదృతువులో లోపలి పాత రెమ్మల్ని ఎర్రగా చేసి వదిలేస్తుంది. ఇక్కడ దీన్ని ఫ్లాగింగ్ అంటారు. మూడేళ్ల కింద ఒక తెలుగు కుటుంబం నన్ను ఇలాగే కంగారుగా పిలిచింది. కొట్టడానికి కొటేషన్ కూడా తెప్పించేసుకున్నారు. వెళ్లి చూస్తే ఎరుపంతా కాండం వైపు, కొమ్మల చివర్లు నిగనిగలాడుతున్నాయి. ఒక ఎర్ర రెమ్మ పట్టుకుని కొద్దిగా లాగగానే ఆ ఇంటావిడ చేతిలోకి ఊడొచ్చింది. 'ఇంతేనా?' అన్నారావిడ. అంతే. నవంబరు గాలులకి అన్నీ రాలిపోయాయి, చెట్టు ఇప్పటికీ ఉంది.

మీరూ అలాగే చూడండి. ఎరుపు లోపలుండి చివర్లు పచ్చగా ఉంటే మామూలే. చిటారు పలచబడినా, పైనుంచి కిందికి ఎండుతూ వచ్చినా అది వేరే సంగతి. ఈ మధ్య పొడి వేసవుల వల్ల పశ్చిమ వాషింగ్టన్‌లో రెడ్ సీడర్లు నిజంగానే దెబ్బతింటున్నాయి. అలాంటప్పుడు జులై, ఆగస్టుల్లో పది పదిహేను రోజులకోసారి వేళ్లు పాకిన మేర అంతా లోతుగా నీళ్లు ఇంకేలా పెట్టండి, కాండం మొదలు దగ్గర మాత్రమే పోస్తే లాభం లేదు. కొట్టక తప్పని పరిస్థితి వచ్చినా, ముందు మీ సిటీలో పర్మిట్ రూల్ కనుక్కోండి, చాలాచోట్ల పెద్ద చెట్టుకి అనుమతి కావాలి.

పేరు తెలియడం వల్ల మిగతా రెంటికీ కూడా లాభం ఉంది. లేలాండ్‌ని పచ్చదనం దాటి గోధుమరంగు మోడు దాకా కత్తిరిస్తే మళ్లీ చిగురు వేయదు, ఆ బొక్క అలాగే ఉండిపోతుంది. ఏటా కొంచెం కొంచెం తీయాలి, వదిలేస్తే ముప్పై మీటర్లు పోగలదు. మోడు దాకా కత్తిరిస్తే జునిపర్‌ది కూడా అదే తంతు. పైగా జునిపర్ పక్కన పియర్, యాపిల్ చెట్లు ఉంటే చూసుకోండి, ఒక జాతి తుప్పుతెగులు శిలీంధ్రం ఈ రెంటి మధ్యా తిరుగుతూ బతుకుతుంది. మీకు చిన్నపిల్లలున్నారని రాశారు: ఇళ్ల ముందు నేలబారుగా పెంచే జునిపర్లలో విషం ఉన్న సబీనా రకం తరచుగా కనిపిస్తుంది. ఆ కాయలు నోట్లో పెట్టుకోనివ్వకండి. వంటలో వాడే జునిపర్ వేరే జాతి. థూజా ఆకుతో కషాయాలు కూడా వద్దు, అందులో థూజోన్ అనే విషపదార్థం ఉంది.

లేలాండ్ పేరు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. వేల్స్‌లోని లైటన్ హాల్ తోటలో 1888లో నూట్కా సైప్రస్, కాలిఫోర్నియా మాంటెరీ సైప్రస్ కలిసి తమంతట తామే పుట్టించిన సంకరం ఇది. రెండూ వేరు వేరు ప్రజాతులని లెక్క, అయినా తేలిగ్గా కలిశాయి. నూట్కాని 1824లో కుప్రెసస్ అన్నారు, 1841లో కామేసైపారిస్‌లోకి మార్చారు, 1864లో కాలిట్రాప్సిస్ అన్నారు. 1999లో వియత్నాం సున్నపురాయి కొండల మీద దానికి దగ్గరి బంధువు దొరికాక, 2002లో జాంథోసైపారిస్ అన్నారు. రెండేళ్లకి 1864 నాటి పేరే ముందుదని తేల్చారు. 2009లో అమెరికా సైప్రస్‌లని విడదీసి హెస్పెరోసైపారిస్ అన్నారు, అది అందరూ ఒప్పుకోలేదు. అందుకే లేలాండ్‌కి ఒక్కో పుస్తకంలో ఒక్కో పేరు. నా సలహా ఒకటే, వెనక పదం పట్టుకోండి. నూట్కాటెన్సిస్ అన్నది ఈ మార్పులన్నిటిలోనూ మారలేదు.

ఇక మోర్‌పంఖి. 1753లో, మొక్కలకి రెండు పదాల శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ దీన్ని థూజా ఓరియెంటాలిస్ అన్నాడు, కడియం నర్సరీల్లో ఇప్పటికీ థూజా అనే అడిగి కొంటాం. 1949 నుంచి దాని పేరు ప్లాటిక్లాడస్ ఓరియెంటాలిస్, సొంతూరు చైనా వైపు. ఎందుకు విడదీశారో మీరే చూడొచ్చు. ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మగారి చెట్టు దగ్గర నిలబడండి. రెమ్మలు నిలువుగా, తెరిచిన పుస్తకంలో పేజీల్లా ఉంటాయి, రెండు వైపులా ఒకే రంగు. మీ రెడ్ సీడర్‌వి అడ్డంగా పరుచుకుని వాలి ఉంటాయి. కాయ లేతగా ఉన్నప్పుడు నీలం పూసిన ఆకుపచ్చ, కండగా ఉంటుంది, ఒక్కో పొలుసు మీద వంగిన కొమ్ము ఉంటుంది. ఎండాక లోపలి గింజ తీయండి, రెక్క ఉండదు. థూజాకి రెక్క ఉంది, దీనికి లేదు, కాయ మందం. ఈ తేడాతోనే వేరే ప్రజాతి అయింది. మేం చిన్నప్పుడు నెమలీకతో పాటు లెక్కల పుస్తకంలో దాచుకున్నది ఈ రెమ్మే.

ఊళ్లో నుంచి చదివేవాళ్ల కోసం ఇంకొంచెం. గోల్డెన్ సైప్రస్ అంటే మాంటెరీ సైప్రస్‌లో ఒక తోటరకం. ఆ చెట్టు సహజంగా పెరిగేది కాలిఫోర్నియాలో పొగమంచు కప్పే చల్లటి తీరాన, రెండే రెండు చిన్న తోపుల్లో. మే నెల హైదరాబాద్ ఎండలో అది ఎండిపోతే మీ పోషణ లోపం కాదు. మనం క్రిస్మస్ ట్రీ అని కొనే అంతస్తుల కొమ్మల చెట్టు అరౌకేరియా, వేరే కుటుంబం. సరుగుడు అయితే అసలు పూలు పూసే చెట్టు. దాని 'సూది'ని పట్టుకుని లాగితే కణుపు దగ్గర పుటుక్కున ఊడుతుంది.

మీరు ఇప్పుడు చేయాల్సింది: కంచె చెట్ల కింద వెతికి ఒక్క కాయైనా దొరికితే, తెల్ల కాగితం మీద పావలా డాలరు నాణెం పక్కన పెట్టి ఫొటో తీయండి. పొద నుంచి ఒక రెమ్మని, సూది ఆకులూ పొలుసు ఆకులూ రెండూ కనపడేలా, దగ్గరగా తీయండి. జునిపర్‌లో ఏ జాతో దాన్ని చూసి చెబుతాను.